కట్ చెప్పాక కెమెరా ఆపొద్దు

కాలేజీలో లెక్చరర్లుగా కొత్తగా చేరి, చేరిన వారంలోనే ఫిల్మ్ క్లబ్ ఇన్‌చార్జి అయిపోయిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పిల్లలు అన్నందుకు కోపం తెచ్చుకోకండి. రిటైరయ్యాక మాకు మిగిలే సౌకర్యం అదొక్కటే. ఉద్యోగంలో ఉన్నవాళ్లంతా మాకు పిల్లల్లాగే కనిపిస్తారు.

నేను మెదక్‌లో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పాను. రాజ్యాంగం, పంచాయతీలు, ఓటు హక్కు, అదీ నా లోకం. ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచి, కాలేజీల మధ్య షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టారని, అంశం శాంతి, మతసామరస్యం అని చెప్పాడు.

"మీరు సినిమాలు చూస్తరు గద మేడం," అన్నాడు.

"అందరం చూస్తం సార్."

"శాంతి మీ సబ్జెక్టే గద మరి!"

ఫిజిక్స్ ఆయనకు ల్యాబ్ ఉంది. లెక్కల ఆయనకు ట్యూషన్లున్నాయి. శాంతి కోసం ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. ఆ రోజు మొదలు రిటైరయ్యే దాకా ఏడాదికొక శాంతిని తీసి పంపుతూనే ఉన్నాను. పూర్వ విద్యార్థి ఒకాయన దయతలచి ఇచ్చిన కెమెరా ఒకటి, మూడు కాళ్లలో ఒకటి విరిగిన స్టాండు ఒకటి, మా స్టూడియో అంతే.

బాయిలర్ కోడి

మీ దగ్గరికి వచ్చే మొదటి కథ ఇప్పుడే చెప్పేస్తాను, రాసిపెట్టుకోండి. ముగ్గురు స్నేహితులుంటారు. ఒకడికి నుదుట బొట్టు, ఒకడి తలమీద టోపీ, ఒకడి మెడలో సిలువ. ఎక్కడికి పోయినా ముగ్గురూ ఇదే వరుసలో నడుస్తారు. దారిలో ఒకడికి యాక్సిడెంట్ అవుతుంది. దవాఖానాలో రక్తం కావాలంటారు. మిగతా ఇద్దరూ చేతులు చాపుతారు. చివర్లో చర్చి మెట్ల మీద నిలబడి పావురాన్ని ఎగరేస్తారు. మెదక్‌లో చర్చి ఉండటం వల్ల మా పిల్లలకు కలిగిన నష్టం ఇదే, క్లైమాక్స్ గురించి ఆలోచించే అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు.

మొదటి ఏడాది పావురం దొరకలేదు. దొరికినవి బూడిద రంగువి. శాంతికి తెల్లదే కావాలని పిల్లలు పట్టుబట్టి, చికెన్ సెంటర్ నుంచి తెల్లటి బాయిలర్ కోడిని తెచ్చారు. దూరం నుంచి తీస్తే తెలియదన్నారు. యాక్షన్ చెప్పగానే ముగ్గురూ కలిసి దాన్ని గాల్లోకి విసిరారు. అది శాంతిలాగా ఎగరలేదు, ఇటుకరాయిలాగా వచ్చి నా కాళ్ల ముందు పడింది. మళ్లీ విసిరారు, మళ్లీ పడింది. మూడోసారి అది లేచి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

సాయంత్రం ఆ కోడిని బొట్టు, టోపీ, సిలువ ముగ్గురూ కలిసి కూర వండుకుని ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నారు. ఎముక కోసం కొట్టుకున్నారు కూడా. మొత్తం సినిమాలో నిజంగా జరిగిన మతసామరస్యం అదొక్కటే. కెమెరా అప్పటికే బ్యాగులో ఉంది.

వాళ్లింట్ల గూడ పచ్చిపులుసే

స్క్రిప్టులు చదివితే ఇంకొకటి అర్థమైంది. హిందూ పిల్లలు రాసిన కథల్లో ముస్లిం తండ్రి నిద్రలో కూడా టోపీ తీయడు, ప్రతి మాటకూ ముందు ‘అరే భాయ్’ అంటాడు. ముస్లిం పిల్లలు రాసిన కథల్లో హిందూ తల్లి పొద్దున లేచింది మొదలు గంట కొడుతూనే ఉంటుంది, పాపం ఆమెకు వంట వండే టైం కూడా ఉండదు. ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు రాసినవే ఇవన్నీ. ఒకరింటికి ఒకరు ఒక్కసారి కూడా పోలేదు.

అందుకని ఒక నియమం పెట్టాను. ఎవరి గురించి రాస్తారో వాళ్లింట్లో ఒక పూట అన్నం తిని రావాలి, ఆ తర్వాతే పెన్ను పట్టాలి. నిజాంపేట నుంచి బస్సులో వచ్చే స్వప్న అనే అమ్మాయి, క్లాసులో తన పక్కన కూర్చునే నస్రీన్ ఇంటికి వెళ్లింది. మర్నాడు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైందే?"

"బిర్యానీ ఉంటదనుకున్న మేడం. వాళ్లింట్ల గూడ పచ్చిపులుసే."

నేను సివిక్స్ చెప్పినన్నేళ్లలో లౌకికవాదం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది సినిమాకు నస్రీన్‌ను డైరెక్టర్‌ను, స్వప్నను కెమెరామన్‌ను చేశాను. మీరు కూడా ఈ నియమం పెట్టండి. పిల్లలు కడుపు నింపుకుని వస్తారు, సగం స్క్రిప్టు దానంతటదే చిరిగిపోతుంది.

నెగెటివ్ ఉండొద్దు

మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. అయితే ఆయన శాంతిని కూడా ఇన్‌స్పెక్షన్ లాగా చూసేవాడు, ఏ గొడవా లేకుండా దాటిపోతే చాలు.

"నెగెటివ్ ఉండొద్దు మేడం. గొడవలు, తిట్టుకునుడు ఏం చూపియ్యొద్దు."

"గొడవే లేకపోతే శాంతి ఎందుకు సార్?"

"శాంతి ముందునుంచే ఉంటది. మనం చూపిస్తం, గంతే."

ఆయన చెప్పినట్టు ఒక ఏడాది తీశాం. మొదట్లో స్నేహితులు, మధ్యలో స్నేహితులు, చివర్లో కౌగిలించుకుని ఏడుస్తారు. చూసినవాళ్లంతా, ఎవరైనా చచ్చిపోయారా అని అడిగారు.

ఇలాంటి బాసు మీకూ దొరుకుతాడు. ఆయనతో వాదించకండి, దండగ. సరే సార్ అని చెప్పి, మీ పని మీరు చేసుకోండి.

పటేల్ మీది పోర్షన్

నస్రీన్ రాసిన కథ చిన్నది. ఒక ముస్లిం కుటుంబం కిరాయి ఇల్లు వెతుకుతుంటుంది. టు-లెట్ బోర్డు చూసి తలుపు కొడితే, పేరు చెప్పగానే తలుపులు మూసుకుంటాయి. చివరికి ఒక ఓనరు మనసు మారి తాళంచెవి ఇస్తాడు. ప్రిన్సిపాల్ ‘పేరు చెప్పగానే’ అన్నది నెగెటివ్ అన్నాడు. ‘చివరికి ఇస్తాడు’ అన్నది చూపించి ఆయన్ని ఒప్పించాను.

అది కథ కాదని నాకప్పుడు తెలియదు. వాళ్లుంటున్న ఇల్లు పడగొట్టి షాపులు కట్టబోతున్నారు, నెలాఖరుకు ఖాళీ చేయాలి. నస్రీన్ తండ్రి ఖాజా బోరు మోటర్లు చుట్టే మెకానిక్. ఆయన, ఆయన భార్య ఊరంతా తిరుగుతున్నారు. ఇల్లు దొరక్కపోతే అల్లాదుర్గ్‌లో మేనమామ ఇంటికి పోవాలి. అక్కడికి పోతే ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆగిపోయినట్టే, ఆడపిల్లను రోజూ అంతదూరం బస్సులో పంపేది లేదని మేనమామ అప్పటికే చెప్పేశాడు. ఇదంతా లోపల పెట్టుకుని ఆ పిల్ల స్క్రిప్టు రాసింది.

ఓనరు పాత్రకు వీరారెడ్డి పటేల్ ముందుకొచ్చాడు. నిజాంపేట వైపు భూములు, మెదక్‌లో రెండంతస్తుల ఇల్లు, ఒకప్పుడు వార్డు మెంబరు. పండగల ముందు పోలీస్ స్టేషన్‌లో జరిగే శాంతి కమిటీకి ఆయన శాశ్వత సభ్యుడు. అక్కడ ఛాయ్, బిస్కెట్లు అయ్యాక మొదట లేచి మాట్లాడేది ఆయనే. వేషం కట్టాలని చిన్నప్పటినుంచీ కోరికట. పైగా ఆయన ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉంది, గేటుకు టు-లెట్ బోర్డు కూడా వేలాడుతోంది. షూటింగ్‌కు వేరే సెట్టింగు అవసరమే లేదు.

ఎర్ర బటన్

ఆ రోజు నాకు పరీక్ష డ్యూటీ పడింది. షూటింగ్ పిల్లలే చేసుకున్నారు, కథలో కూతురి వేషం కూడా నస్రీనే వేసింది. సాయంత్రం కెమెరాను కంప్యూటర్‌కు తగిలించి చూడటం మొదలుపెట్టాం, నేను, నస్రీన్, స్వప్న.

ఇక్కడొక పని సంగతి చెప్పాలి. మా కెమెరాకు ఒకటే ఎర్ర బటన్. ఒకసారి నొక్కితే రికార్డు మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ముందువైపు చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. మా నటీనటులంతా ఆ లైటునే చూస్తూ డైలాగులు చెప్తున్నారని దానిమీద నల్ల టేపు అంటించాను. స్వప్న పొద్దున ఎప్పుడో చూసుకోకుండా ఒకసారి ఎక్కువ నొక్కింది. ఎండకు కెమెరా తెర కూడా కనబడలేదు. అక్కడినుంచి అంతా తిరగబడింది. యాక్షన్ అనగానే కెమెరా ఆగింది. కట్ అనగానే మొదలైంది. రోజంతా నటించింది ఒక్క ముక్క లేదు. నటనకూ నటనకూ మధ్య జరిగిందంతా ఉంది.

తెరమీద పటేల్ కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏడుపు మంచిగ పడ్డదా?"

"మస్తు పడ్డది పటేల్ సాబ్," అంటోంది నస్రీన్ గొంతు. "ఒకటడుగుత, ఏమనుకోవద్దు. మీ మీది పోర్షన్ ఖాళీనే ఉంది గద. మేం నిజంగనే ఇల్లు చూస్తున్నం. మాకియ్యరాదుండ్రి కిరాయికి?"

పటేల్ నవ్వాడు. "సినిమాల ఇస్తున్న గద బిడ్డా!"

"సినిమాల గాదు."

"గిదేమో ఇల్లు గదనే. మీ నాయిన బంగారమసొంటోడు. మా బోరు మోటరు కాలితే ఆయన చెయ్యి పడాల్సిందే. గని మీద ఉండుడంటే వేరే ముచ్చట. చుట్టాలొస్తరు, పూజలుంటయి. నాకైతే ఏం లేదు. నలుగురే పరేషాన్ చేస్తరు."

అప్పుడు దూరం నుంచి తిరిగొస్తున్న స్వప్న గొంతు హుషారుగా, "రెడీ, యాక్షన్!" అంది. తెర నల్లగా అయిపోయింది. ఆ నలుపులో పటేల్ ఏ డైలాగు చెప్పి ఉంటాడో మాకు తెలుసు, రాసింది నస్రీనే. రక్తానికి కులం లేదు, ఇంటికి మతం లేదు.

స్వప్న ఏడుపు మొదలుపెట్టింది, బటన్ తప్పు నొక్కినందుకా, విన్నదానికా తెలియదు. నస్రీన్ మాత్రం మామూలుగానే ఉంది.

"ఈయన మొదటాయన గాదు మేడం. మిగిలినోళ్లు తలుపేస్తరు, ఈయన మంచిగ మాట్లాడి ఏసిండు. గంతే తేడా."

"నాకెందుకు చెప్పలేదే ఇన్నిరోజులు?"

"చెప్తే మీరేం చేస్తరు మేడం? పాఠం చెప్తరు."

నేను చెప్పగలిగింది నిజంగానే పాఠం ఒక్కటే.

ప్రిన్సిపాల్‌కు చూపిస్తే కంగారుపడ్డాడు. "అయ్యయ్యో, తీసేయుండ్రి మేడం. పటేల్ సాబ్ మన కాలేజీకి వాటర్ కూలర్ ఇచ్చిండు. మళ్ల షూటింగ్ చేయుండ్రి." ఆయన జీవితంలో ఇచ్చిన ఆర్డర్లలో పనికొచ్చింది ఇదొక్కటే.

రెండో షూటింగ్

బటన్ తప్పు నొక్కారని ఫోన్ చేసి చెప్తే పటేల్ నిజంగా బాధపడ్డాడు.

"నా ఏడుపంత పోయిందా మేడం?"

"పోయింది పటేల్ గారూ. మళ్లీ ఏడవాలి."

"ఎన్నిసార్లయినా ఏడుస్త, దానికేముంది."

ఈసారి నస్రీన్ సీన్ కొంచెం మార్చింది. ఓనరు తాళంచెవిని నలుగురి ముందు ఇవ్వాలి. నలుగురు అంటే ఎవరని పటేల్ అడిగాడు. శాంతి కమిటీ వాళ్లయితే నిండుగా ఉంటుందని ఆ పిల్ల అంది. పటేల్‌కు అది తెగ నచ్చి, అందరినీ తనే పిలిచాడు. తాళంచెవి కూడా అసలుదే ఉంటే చేతిలో బరువుగా కనబడుతుందంది, దానికీ ఒప్పుకున్నాడు. షూటింగ్ ముందురోజు నా దగ్గరికొచ్చింది.

"మేడం, సామాను సుత నిజందే తెస్తే సహజంగ ఉంటది గద?"

దాని ముఖంలోకి చూశాను. అది నా ముఖంలోకి చూసింది. సహజంగానే ఉంటుందని చెప్పాను.

కొత్త నియమం కూడా ఒకటి పెట్టాను. కట్ చెప్పాక కెమెరా ఆపొద్దు. నేను ఆపమనే దాకా స్వప్న వేలు బటన్ దగ్గరికి పోకూడదు.

పటేల్ ఇంటిముందు ఆటో ఆగింది. మంచం, బియ్యం డబ్బా, గ్యాసు పొయ్యి, మూటలు దింపి మెట్ల దగ్గర పెట్టారు. నస్రీన్ తల్లి మాత్రం దిగలేదు. ఆటోలో వెనక సీటు మూలకు ఒదిగి, ఒళ్లో అద్దం పట్టుకుని కూర్చుంది. శాంతి కమిటీ వాళ్లు ఇస్త్రీ బట్టల్లో వచ్చి వరుసగా నిలబడ్డారు. యాక్షన్ చెప్పగానే పటేల్ రెండు అడుగులు ముందుకేశాడు. గొంతు వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పాలి, మనిషి గొప్పగా చేశాడు.

"తీస్కో బిడ్డా తాళంచెవి. ఇయ్యాల్టి సంది గీ ఇల్లు మీదే అనుకో. రక్తానికి కులం లేదు, ఇంటికి మతం లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నస్రీన్ కట్ అంది. తాళంచెవిని మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

"మస్తుగ చేసిండ్రు పటేల్ సాబ్. ఇగ గీ సామాను మీదికి ఎక్కియ్యమంటరా, మళ్ల ఆటోల ఏస్కొని అల్లాదుర్గ్ పొమ్మంటరా?"

పటేల్ నవ్వబోయి ఆగాడు. "షూటింగ్ అయిపోయింది గదనే."

"మీరిచ్చిన్నన్నరు, నేను తీస్కున్న. గీళ్లందరు విన్నరు. మా నాయిన కిరాయి తప్పడు, మీకు తెలుసు."

శాంతి కమిటీలో అప్పటిదాకా చప్పట్లు కొట్టిన చేతులు జేబుల్లోకి పోయాయి. ఒకాయనకు ఫోన్ గుర్తొచ్చింది. ఒకాయన ఆకాశం చూశాడు. వాళ్లలో పెద్దాయన ఒక్కడే, "ఇచ్చినట్టేనా పటేల్? మాకు సుత సమజ్ గాలే," అన్నాడు. పటేల్ కెమెరా వైపు చూశాడు. నల్ల టేపు తప్ప అక్కడేమీ కనబడలేదు. స్వప్న కన్ను తీయకుండా నిలబడి ఉంది. ఆయన వద్దంటే ఇంతమంది ముందు ఆ పిల్ల సామాను మళ్లీ ఆటోకెక్కాలి.

అప్పుడు పటేల్ భార్య సుశీలమ్మ ఛాయ్ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. మొగుడిని చూసింది, మూటలను చూసింది, ఆటోలో కూర్చున్న మనిషిని చూసింది.

"ఏంది గట్ల నిలబడ్డరు? ఎండల ఆడమనిషి గంట సంది ఆటోల కూసున్నది, ఒక్కరన్న దిగుమన్నరా? ఇచ్చిన్నన్నప్పుడు ఇయ్యాలె, లేకుంటే నోరు మూసుకోవాలె." నస్రీన్ వైపు తిరిగింది. "మీ అమ్మకు చెప్పు బిడ్డా. నల్లా పొద్దుగాల్నే వస్తది, మళ్ల దినమంత రాదు. రెండు బకెట్లు ముందే పట్టి పెట్టుకోవాలె. బాత్రూం గొళ్లెం జర మీదికి లేపి ఎయ్యాలె, లేకుంటే పడదు."

నస్రీన్ తల్లి ఆటో దిగింది. అద్దం ఇంకా చేతుల్లోనే ఉంది.

వంకర షాట్

ఇది మోసం మేడం అన్నాడు ప్రిన్సిపాల్. ఒక పెద్దమనిషి నలుగురి ముందు ఒక మాట అన్నాడు. మేం చేసిందల్లా దాన్ని నమ్మడం. శాంతి కమిటీలో ఇన్నేళ్లుగా ఎవరూ చేయని పని అదే.

పటేల్ మనసు మారిందా అని మీరు అడుగుతారు. నాకు తెలియదు. ఈ మధ్య శాంతి కమిటీలో, ఖాజా కుటుంబానికి వాళ్లు అడగకముందే ఇల్లిచ్చానని చెప్తున్నాడట. చెప్పుకోనివ్వండి. ఆయన మనసు మారేదాకా ఆగి ఉంటే నస్రీన్ పరీక్షలు అయిపోయేవి. ఆ పిల్ల ఆ పై పోర్షన్‌లోనే చదువుకుని, అక్కడినుంచే పోయి పరీక్షలు రాసింది. నా ఉద్యోగంలో నేను ఫలితం అని ఒప్పుకునేది దాన్నే.

కట్ తర్వాత పడింది కూడా కలిపే సినిమాను పోటీకి పంపాం. ఫలితాలొచ్చిన రోజు నిర్వాహకులలో ఒకాయన మర్యాదగా ఫోన్ చేసి మా తప్పులు చెప్పాడు. తాళంచెవి ఇచ్చే దగ్గరే ముగించాల్సిందట. తర్వాత వచ్చే నల్లా, బకెట్లు, గొళ్లెం, వీటికి శాంతితో సంబంధం లేదట. ఓనరు పాత్రధారి ఏడ్చేటప్పుడు చాలా సహజంగా చేశాడు గానీ, కట్ తర్వాత తేలిపోయాడట. ముఖ్యంగా చివరి షాట్ వంకరగా ఉందట, అది తీసేయాల్సిందట. మొదటి బహుమతి వేరే కాలేజీకి వచ్చింది. వాళ్లు నిజమైన పావురాన్నే తెచ్చారని విన్నాను.

ఆ వంకర షాట్ నా దగ్గరుంది. కొత్తగా ఇన్‌చార్జి అయిన వాళ్లెవరైనా ఇంటికొస్తే చూపిస్తాను. జనమంతా వెళ్లిపోయారు. స్వప్న చెయ్యి నొప్పిపుట్టి కెమెరాను కిందికి దించి పక్కకు పట్టుకుంది, నేను ఆపమనలేదు కాబట్టి ఆపలేదు. అందుకని తెరమీద మెట్లు ఏటవాలుగా కనబడతాయి, మనుషులు మోకాళ్ల కింది దాకానే కనబడతారు. లోపలినుంచి సుశీలమ్మ గొంతు, వాళ్ల బకెట్లు మూటల్లో ఎక్కడున్నయో, ఇవ్వాల్టికి మనది ఇయ్యమంటోంది. పటేల్ కాళ్లు ఫ్రేములోకి వస్తాయి. ఒక్క క్షణం ఆగుతాయి, చెప్పులు కెమెరా వైపు తిరుగుతాయి. కెమెరా కిందికి వేలాడుతోంది కాబట్టి ఆగిపోయిందనుకుని ఉంటాడు. తర్వాత ఆ కాళ్లు నీళ్ల బకెట్‌తో ఒక్కో మెట్టూ ఎక్కుతాయి. నీళ్లు తొణికి మెట్లమీద పడతాయి. పైనుంచి నస్రీన్ తల్లి, "అయ్యో, మీరెందుకు తెచ్చిండ్రు," అంటుంది.

"తీస్కోమ్మా," అంటాడు పటేల్, "బరువున్నది."